సరస్సు ఒడ్డున మేడ

హోటలు అనగానే మనకు ఆవిర్లు కక్కే ఇడ్లీలూ, గాజు గ్లాసులో కాఫీ, గల్లాపెట్టె దగ్గర కూచున్న ప్రొప్రయిటరూ జ్ఞాపకం వస్తారు. ఈ నెల మనం చూడబోయే హోటలు అటువంటిది కాదు. అక్కడ ఒకరు ఒక పూట భోంచేస్తే అయ్యే ఖర్చుతో మన ఊళ్లో ఒక చిన్న కుటుంబం నెల పొడుగునా వండుకుని తినవచ్చు. మనం అక్కడికి భోజనానికి వెళ్లడం లేదు లెండి. ఆ ఇంటి కథ వినడానికి వెళుతున్నాం.

ఇటలీ దేశానికి ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాలు గోడలాగా అడ్డం నిలిచి ఉంటాయి. ఆ కొండలు దిగి మైదానంలోకి వచ్చే చోట గార్డా అనే సరస్సు ఉన్నది. ఇటలీలో ఇంతకంటె పెద్ద సరస్సు లేదు. పొడవు సుమారు 52 కిలోమీటర్లు, విస్తీర్ణం సుమారు 370 చదరపు కిలోమీటర్లు. ఉత్తరపు కొస కొండల మధ్య ఇరుక్కుని సన్నగా ఉంటుంది; దక్షిణపు కొస మైదానంలో వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. పటంలో చూస్తే అచ్చం పొడుగు మెడ ఆనపకాయలాగే కనిపిస్తుంది. మీ అట్లాసులో మిలన్ నగరాన్ని పట్టుకుని తూర్పుగా వేలు జరపండి, దొరుకుతుంది.

ఈ సరస్సు విశాలం కన్న లోతు గొప్పది. అన్నిటికంటె లోతైన చోట 346 మీటర్లు. ఢిల్లీలోని కుతుబ్ మినార్ ఎత్తు 73 మీటర్లు గదా? అటువంటివి నాలుగు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి ఆ నీటిలో దింపినా, పైదాని శిఖరం కూడా బయటకు కనిపించదు. ఇంత గొయ్యి ఎవరు తవ్వారు? మంచు తవ్వింది. వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో, ఆల్ప్స్ పర్వతాల నుంచి మంచు నదులు చాలా నెమ్మదిగా కిందికి జారేవి. అవి తమలో చిక్కుకున్న బండరాళ్లతో లోయ అడుగును కొబ్బరి కోరినట్టు కోరేశాయి. మంచు కరిగిపోయింది, గొయ్యి మిగిలింది, నీరు నిండింది.

సరస్సుకు పడమటి ఒడ్డున గార్న్యానో అనే చిన్న ఊరు ఉన్నది. వెనక కొండ, ముందు నీరు. ఊరు ఆ రెంటికీ మధ్య ఒదిగి కూచున్నది. మన మేడ ఉన్నది అక్కడే. కాని మేడ కథ చెప్పేముందు నిమ్మకాయల కథ చెప్పాలి. ఎందుకంటే ఈ ఒడ్డున మేడలు కట్టేటంత సిరిసంపదలు రాకముందే నిమ్మకాయలు వచ్చాయి.

నిమ్మచెట్టు మనకు వింత కాదు. ఎవరి పెరట్లో చూసినా ఉంటుంది. గార్డా దగ్గర మటుకు అది వింతే. మన శ్రీనగరం 34వ అక్షాంశం దగ్గర ఉన్నది. అక్కడే చలికాలం మంచు కురుస్తుందని మీకు తెలుసు. గార్డా సరస్సు 45వ అక్షాంశం కూడా దాటి ఉన్నది! నిమ్మచెట్టుకు చలి పడదు. గడ్డకట్టే చలి ఎక్కువసేపు నిలిచిందంటే ముందు ఆకులు మాడతాయి, తరవాత కొమ్మలు ఎండుతాయి, చివరకు చెట్టే పోతుంది. అయినా ఈ ఒడ్డున వందల ఏళ్లుగా నిమ్మతోటలు ఉన్నాయి. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ సన్యాసులు మొదటి మొక్కలు తెచ్చారని అక్కడివారు చెప్పుకుంటారు. గార్న్యానోలో ఆ సన్యాసుల మఠం ఇప్పటికీ ఉన్నది. దాని రాతి స్తంభాల తలలమీద నిమ్మజాతి పళ్లూ ఆకులూ చెక్కి ఉన్నాయి. మన గుళ్లలో తామరపువ్వులు చెక్కినట్టే!

చెట్లు ఎలా బతికాయి? సగం సరస్సు బతికించింది, సగం మనుషులు బతికించారు.

సరస్సు సంగతి ముందు చూద్దాం. నీటికి ఒక గుణం ఉన్నది. అది తొందరగా వేడెక్కదు, వేడెక్కిన తరవాత తొందరగా చల్లారదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయటానికి పట్టే వేడితో, ఒక కిలో రాతిని నాలుగైదు డిగ్రీలు వేడి చేయవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం విశాఖపట్నం సముద్రపు ఒడ్డున చెప్పులు లేకుండా నడిచినవాళ్లకు ఇది వేరే చెప్పనవసరం లేదు. ఇసుక కాళ్లు కాలుస్తుంది, నాలుగడుగులు పరిగెత్తి నీటిలో పడితే హాయిగా ఉంటుంది. రెంటిమీదా పడే ఎండ ఒకటే!

గార్డా సరస్సు వేసవి అంతా ఎండను తాగి దాచుకుంటుంది. చలికాలంలో ఆ వేడిని కొంచెం కొంచెంగా బయటకు వదులుతుంది. ఈ దాపుడు ఎంత గొప్పదో ఒక లెక్క చూడండి. ఒక చెంబు నీరు ఒక డిగ్రీ చల్లబడితే, బయటపడే వేడి మూడు వేల చెంబుల గాలిని ఒక డిగ్రీ వెచ్చబరచగలదు. ఒక చెంబే అంత చేస్తే, నాలుగు కుతుబ్ మినారులు మునిగే సరస్సు ఎంత చేస్తుంది? ఒడ్డున ఉన్న ఊళ్లకు అది ఆరని కుంపటి వంటిది. పైగా ఉత్తరాన ఉన్న కొండలు చలిగాలిని చాలావరకు ఆపేస్తాయి.

కాని మరీ చలి ముదిరిన రాత్రులలో ఆ కుంపటి ఒక్కటే చాలదు. అందుచేత అక్కడివారు కొండను మెట్లు మెట్లుగా చెక్కి, వెనకా పక్కలా ఎత్తయిన రాతి గోడలు కట్టారు. సరస్సు వైపు మటుకు తెరిచి ఉంచి, అక్కడ పొడుగైన రాతి స్తంభాలు వరసగా నిలబెట్టారు. వేసవిలో ఆ స్తంభాల మధ్య నుంచి ఎండ, గాలి, వాన ధారాళంగా వస్తాయి. చలికాలం రాబోయే ముందు స్తంభాలమీద దూలాలు పరిచి, పైన చెక్కపలకలు, ముందు గాజు తలుపులు బిగిస్తారు. తోటంతా ఒక పెద్ద గది అయిపోతుంది. వసంతం రాగానే అన్నీ ఊడదీసి, జాగ్రత్తగా ఎత్తిపెడతారు. ఏటా ఇదే పని. ఒక చెట్టుకు కాదు, వందల చెట్లకు. మనం పెరట్లో చెట్టుకు రెండు కాయలు కోసుకుని వచ్చి, ఏదో శ్రమపడ్డట్టు చెప్పుకుంటాం!

రాత్రిపూట చలి ఎంత ముదిరిందో తెలియాలి గదా? థర్మామీటర్లు లేని కాలంలో తోటమాలి చెట్ల మధ్య ఒక గిన్నెతో నీళ్లు పెట్టేవాడు. లాంతరు పట్టుకుని వచ్చి చూసేవాడు. గిన్నెలో నీటిమీద మంచుపొర కట్టడం మొదలుపెట్టిందంటే వెంటనే లోపల నిప్పులు రాజేసేవాడు. నిద్రపట్టి రెండు గంటలు ఆలస్యమయితే తండ్రీ తాతా పెంచిన చెట్లు పోయినట్టే.

ఈ కాయలు మన నిమ్మకాయల వంటివి కావు. ఇంకా పెద్దవి, కోలగా ఉంటాయి, చివర చిన్న ముక్కు ఉంటుంది, తొక్క మందం. ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, పడవలమీదా బళ్లమీదా ఆల్ప్స్ దాటించి జర్మనీకీ, పోలండుకూ, ఇంకా అవతలికీ పంపేవారు.

ఈ తోటలు చూసి ఆశ్చర్యపోయినవాళ్లలో జర్మన్ మహాకవి గేటే ఒకడు. ఆయన 1786 సెప్టెంబరులో ఇటలీ చూడటానికి బయలుదేరి, ఈ సరస్సుమీద పడవ ఎక్కాడు. సరస్సుమీద గాలికి ఒక వేళ ఉన్నది. రాత్రి కొండలమీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగుతుంది. కనక తెల్లవారుజామున గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. పగలు కొండలు వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి మైదానపు గాలి వస్తుంది. కనక మధ్యాహ్నం గాలి దక్షిణం నుంచి వీస్తుంది. పడవవాళ్లు ఇప్పటికీ మొదటిదాన్ని పెలేర్ అనీ, రెండవదాన్ని ఓరా అనీ పిలుస్తారు. గేటే పడవ తెల్లవారుజామున దక్షిణంగా సాగి, పడమటి ఒడ్డున లిమోనె అనే ఊరి నిమ్మతోటల పక్కనుంచి వెళ్లింది. తెల్లని స్తంభాల వరసలు ఆయన కళ్లారా చూశాడు. ఇంతలో గాలి తిరిగింది. పడవ ముందుకు పోక, ఎదటి ఒడ్డున మాల్చెసినె అనే ఊళ్లో ఆగవలసి వచ్చింది.

ఆగితే ఏం? అక్కడ ఒక పాత కోట ఉన్నది. గేటే కూచుని దాని బొమ్మ గీయసాగాడు. ఊరివాళ్లు మూగారు. ఆ ఊరు వెనిస్ రాజ్యానిది, దగ్గరలోనే ఆస్ట్రియా సరిహద్దు. ఎవడో పరదేశి కోట బొమ్మ గీస్తున్నాడంటే గూఢచారి కాక మరెవరు? ఒకడు ముందుకు వచ్చి కాగితం చింపేశాడు. అధికారి వచ్చాడు. కవిగారు పాత కట్టడాల అందం గురించి ఎంత చెప్పినా వాళ్లకు ఎక్కలేదు. చివరకు, కొంతకాలం జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో పనిచేసి వచ్చిన ఒక స్థానికుణ్ణి పిలిపించారు. గేటే సొంత ఊరు ఫ్రాంక్‌ఫర్టే. ఆ ఊరి కబుర్లు ఇద్దరూ మాట్లాడుకున్నాక, ఇతను గూఢచారి కాడని తేలింది. లేకపోతే జర్మన్ మహాకవి ఒక పెన్సిలు బొమ్మ కోసం ఖైదులో కూచోవలసి వచ్చేదే.

(లిమోనె అంటే ఇటాలియన్ భాషలో నిమ్మ. ఊరికి ఆ పేరు నిమ్మకాయలవల్ల వచ్చిందని అందరూ అనుకుంటారు. కాదు, అది సరిహద్దు అనే అర్థం గల పాత లాటిన్ మాట నుంచి వచ్చి ఉండవచ్చునని పండితులు అంటారు. పేర్లను చూసి మోసపోకూడదు.)

పందొమ్మిదో శతాబ్దం నడుమ నిమ్మతోటలకు చెడ్డకాలం వచ్చింది. చెట్ల మొదళ్లలో బంక కారే తెగులు పుట్టింది. తరవాత రైళ్లు వచ్చి, దక్షిణాన సిసిలీలో ఏ గాజు తలుపులూ లేకుండా కాసిన చవక నిమ్మకాయలను మోసుకొచ్చాయి. నిమ్మ ఉప్పును ఫ్యాక్టరీలలో చేయటం కూడా వచ్చింది. చివరి దెబ్బ 1928-29 చలికాలం. ఆ ఏడు పడిన చలికి మిగిలిన తోటలు కూడా చాలావరకు పోయాయి. ఇప్పుడు కొండమీద చాలాచోట్ల స్తంభాలు మాత్రం పైకప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. తెలియనివాళ్లు చూస్తే పాడుపడిన దేవాలయాలనుకుంటారు.

ఇక మేడ సంగతి. ఈ ప్రాంతంలో ఫెల్‌ట్రినెల్లి అనే కుటుంబం ఉండేది. వారిది కలప వ్యాపారం. అడవుల నుంచి దూలాలు తెప్పించి అమ్మి, బాగా ధనం గడించారు. 1892లో గార్న్యానో పక్కన, సరిగ్గా నీటి అంచున, వేసవి విడిదిగా ఒక మేడ కట్టించారు. ఇటువంటి మేడను అక్కడ విల్లా అంటారు. అందుచేత దాని పేరు విల్లా ఫెల్‌ట్రినెల్లి. బయటినుంచి చిన్న కోటలాగా ఉంటుంది. లోపల పైకప్పుల నిండా రంగు రంగుల చిత్రాలు. ఇక చెక్కపనికి లోటు ఏముంటుంది, కట్టించినవాళ్లు కలప వ్యాపారులాయె!

యాభై ఏళ్లు ఆ ఇల్లు సుఖంగా ఉన్నది. పిల్లలు వేసవి సెలవులకు వచ్చేవారు, ఈదేవారు, పోయేవారు. ఆ తరవాత యుద్ధం వచ్చింది.

1922 నుంచి ఇటలీని ముసోలినీ అనే నియంత పాలించాడు. తనను కాదన్నవాళ్లను జైళ్లలో పెట్టించాడు, హిట్లరుతో చెయ్యి కలిపి 1940లో దేశాన్ని యుద్ధంలోకి దించాడు. యుద్ధంలో ఓడిపోతున్న సమయాన, 1943 జులై 25న, ఇటలీ రాజు అతన్ని పదవి నుంచి తీసివేసి ఖైదు చేయించాడు. ఎక్కడ దాచారనుకున్నారు? ఒక పర్వతంమీద ఉన్న హోటల్లో! సెప్టెంబరు 12న జర్మన్ సైనికులు ఇంజను లేని విమానాలలో ఆ కొండమీద దిగి, అతన్ని విడిపించి తీసుకుపోయారు. హిట్లరు అతన్ని తెచ్చి ఉత్తర ఇటలీలో మళ్లీ గద్దె ఎక్కించాడు. ఆ ప్రభుత్వం ఆఫీసులు కొన్ని ఈ గార్డా సరస్సు ఒడ్డున ఊళ్లలో పెట్టారు. ముసోలినీ కాపురానికి ఇచ్చిన ఇల్లు విల్లా ఫెల్‌ట్రినెల్లి.

1943 అక్టోబరు నుంచి 1945 ఏప్రిల్ వరకు అతను అందులో ఉన్నాడు. పేరుకు దేశాధినేత. చుట్టూ జర్మన్ కావలివాళ్లు, అడుగు తీసి అడుగు వేయాలంటే జర్మనులు ఔననాలి. కాని అతను ఖైదీలాగా ఉన్నాడు గదా అని జాలిపడటానికి వీలులేదు. ఆ ప్రభుత్వమే 1943 నవంబరు 30న, దేశంలోని యూదులందరినీ పట్టుకోవాలని ఉత్తరువు వేసింది. వేలమందిని రైలుపెట్టెలలో కుక్కి జర్మనుల మరణశిబిరాలకు పంపారు. వారిలో మీ ఈడు పిల్లలు ఎందరో ఉన్నారు. తిరిగి వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. బయట సరస్సు ఎప్పటిలాగే నీలంగా ఉన్నది.

ఇక్కడ ఇంకొక సంగతి ఉన్నది. ఆ ఫెల్‌ట్రినెల్లి కుటుంబంలోనే జాంజాకొమో అనే కుర్రవాడు, 1926లో పుట్టినవాడు, ముసోలినీ తమ మేడలో ఉన్న ఆ రోజులలోనే, జర్మనులతో పోరాడే ఇటాలియన్ దళంలో సిపాయిగా చేరాడు! యుద్ధం అయిన తరవాత 1954లో అతను పుస్తకాలు అచ్చువేసే కంపెనీ పెట్టాడు. రష్యన్ రచయిత పాస్తర్నాక్ రాసిన 'డాక్టర్ జివాగో' అనే నవలను ఆయన దేశంలో అచ్చువేయనివ్వకపోతే, 1957లో ప్రపంచంలో మొట్టమొదట అచ్చువేసినది ఇతనే. మరుసటి ఏడే పాస్తర్నాక్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు.

ముసోలినీ 1945 ఏప్రిల్ 18న మేడ విడిచి మిలన్ వెళ్లాడు. పారిపోబోయి ప్రజాసైనికులకు దొరికిపోయాడు. 28న వాళ్లు కాల్చి చంపారు. అదీ మరొక సరస్సు ఒడ్డునే.

మరి అటువంటివాడు ఉన్న ఇంటిని ఏం చేయాలి? పడగొట్టాలా? మ్యూజియం చేయాలా? తాళం వేసి వదిలేయాలా? ఈ ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెప్పరు. చివరకు జరిగినది ఏమంటే, ఒక అమెరికన్ హోటలు వ్యాపారి దాన్ని కొని, పైకప్పు చిత్రాలనూ, చెక్కపనినీ ఎంతో ఓపికగా బాగుచేయించి, 2001లో హోటలుగా తెరిచాడు. గదులు ఇరవై దాకా ఉంటాయి, అంతే. పెద్ద కట్టడంలో ఇంకా ఎన్నో ఇరికించవచ్చును గాని, ఇల్లు ఇల్లులాగే ఉండాలని అతని పట్టుదల. నా మటుకు నాకు పడగొట్టకపోవడమే మంచిదనిపిస్తుంది. పడగొడితే రాళ్లతోపాటు కథ కూడా పోతుంది. అయితే అక్కడ బస చేసేవారికి సరస్సుమీద సూర్యోదయం చూపించినట్టే ఈ కథ కూడా చెప్పాలి. ఇది నా అభిప్రాయం. మీ ఇంట్లో పెద్దలు మరోలా అనవచ్చు, అడిగి చూడండి.

ఈ హోటలు భోజనశాలకు రెండు మిషెలిన్ నక్షత్రాలు వచ్చాయి. ఈ నక్షత్రాల పుట్టుక తమాషా అయినది. మిషెలిన్ అనేది ఫ్రాన్సులో టైర్లు చేసే కంపెనీ. 1900లో అక్కడ కార్లు చాలా కొద్ది. జనం కార్లమీద ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి, ఎంత అరిగితే అన్ని కొత్తవి అమ్ముడుపోతాయి! అందుకని కంపెనీ ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఉచితంగా పంచింది. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, బస ఎక్కడ, ఇటువంటివన్నీ అందులో ఉండేవి. 1926 నుంచి మంచి భోజనశాలలకు నక్షత్రం గుర్తు వేయసాగింది. ఒకటి ఉంటే దారిలో ఆగి తినదగినది. రెండు ఉంటే దారి తప్పించుకుని అయినా వెళ్లదగినది. మూడు ఉంటే దానికోసమే ప్రయాణం కట్టదగినది. తాము ఫలానా అని చెప్పకుండా వచ్చి, డబ్బిచ్చి తిని, పరీక్షించిపోయే మనుషులున్నారు. మన పాఠశాలలకు ఇన్‌స్పెక్టరు ముందు కబురు చేసి వస్తాడు. వీళ్లు అదీ చేయరు.

ఆ రెండు నక్షత్రాలు తెచ్చిన వంటవాడు స్టెఫానో బయోక్కో. ఆయనకు పేరు తెచ్చిన వంటకాలలో ఒకటి ఏదో మాంసపు కూర కాదు, ఆకుల పళ్లెం! చిన్న చిన్న ఆకులూ, పువ్వులూ, పదుల రకాలు, ఒక్కొక్కటీ విడిగా కోసి, కడిగి, పళ్లెంలో అమరుస్తారు. ఒక్కొక్క ముద్దలో ఒక్కొక్క రుచి; పులుపు, చేదు, వగరు, ఘాటు. మా ఇంట్లో ఈ సంగతి చెబితే, "ఆ మాత్రానికి నక్షత్రాలెందుకు? మా అమ్మ పొలంగట్టున తిరిగి ఏడు రకాల ఆకులు కోసుకొచ్చి కలగూర వండేది" అన్నది మా ఇల్లాలు. మాటకు ఏం గాని, రెండిటికీ ముందు కావలసినది ఒకటే: ఏ ఆకు తినదగినదో, ఎప్పుడు కోస్తే లేతగా ఉంటుందో తెలిసిన మనిషి.

సరస్సులో కార్పియోనె అనే చేప ఉన్నది. అది గార్డా సరస్సుకే చెందిన చేప. ఒకప్పుడు రాజుల విందులకు పోయేది. విపరీతంగా పట్టడంవల్లా, నీరు చెడడంవల్లా ఇప్పుడు బొత్తిగా తగ్గిపోయింది. దాన్ని నశించకుండా కాపాడాలని శాస్త్రజ్ఞులు అవస్థపడుతున్నారు. హోటళ్లలో ఎన్ని నక్షత్రాలున్నా పోయిన చేపను వండి పెట్టలేరు గదా.

నిమ్మతోటలు పూర్తిగా పోలేదు. లిమోనెలో ఒకటీ, గార్న్యానోకు ఎగువన తిన్యాలెలో ఒకటీ బాగుచేసి, చూడవచ్చినవాళ్లకు చూపిస్తున్నారు. గార్న్యానోలో కూడా ఒక కుటుంబం పాత తోటను నిలబెట్టుకున్నది.

ఈ ఆదివారం మీరు ఒక పని చేయండి. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని, ఒకదానిలో పొడి ఇసుక, ఒకదానిలో నీళ్లు సమానంగా పోసి, మిట్టమధ్యాహ్నం ఒక గంట ఎండలో పెట్టండి. ఇసుకలో పైపైన వేలు పెట్టి చూసి, తరవాత నీళ్లలో పెట్టండి. రెండూ నీడకు తెచ్చి, పావుగంటకొకసారి మళ్లీ చూడండి. ఏది ముందు చల్లారిందో కాగితంమీద గీతలు గీసి మాకు పంపండి. ఆ మేడను మీరయితే ఏం చేసి ఉండేవారో కూడా అదే కవరులో రాయండి.